మా ఇంట్లో స్టీరింగు

యూఎస్‌బీ వైరు గుచ్చగానే స్టీరింగు దానంతట అదే ఎడమకి తిరిగింది. చివరిదాకా వెళ్ళి ఆగి, మళ్ళీ కుడికి చివరిదాకా తిరిగి, మధ్యకొచ్చి నిలబడింది. ఎవరూ ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"ఏంట్రా అది? ఎవరు తిప్పారు దాన్ని?"

కాలిబ్రేషన్ అమ్మా, దాని చివరలు ఎక్కడున్నాయో అదే కొలుచుకుంటోంది అన్నాను. "పండగపూట ఇంట్లోకి ఏం తెచ్చావో ఏంటో" అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పోయిన సంక్రాంతి సెలవుల సంగతిది. మాది కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద ఊరు. నాన్న లారీ డ్రైవరు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎక్కించుకుని బరంపురం, కటక్ దాకా తోలతాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నన్ను మాత్రం లారీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చేవాడు, అంతే. పదో తరగతి అయ్యాక నేర్చుకుంటానంటే "ఇది చేతికొస్తే చదువు పోద్ది" అనేశాడు. అలా మెకానికల్ మూడో సంవత్సరం చదువుతూ, క్లచ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటూ, క్లచ్ తొక్కడం మాత్రం రానివాణ్ణయ్యాను. మన క్లాసులో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు, పేర్లు చెప్పను.

రేసుల పిచ్చి ఇంటర్లోనే పట్టింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజంతా ఫోను వదల్లేదు. ఆ డ్రైవర్లు ట్రాకు మీదకి రాకముందే సిమ్యులేటర్లో అదే ట్రాకు తోలి చూసుకుంటారని తెలిసినప్పటి నుంచీ నా కళ్ళు రేసింగ్ వీల్ మీదే. కీబోర్డుతో కారు తోలడమంటే లైటు స్విచ్చి వేసి ఆర్పినట్టే. తిప్పితే మొత్తం, లేకపోతే సున్నా. మధ్యలోదంతా గేమే జాలిపడి సర్దుతుంది.

డిసెంబర్లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్న సీనియర్ ఒకాయన తన లాజిటెక్ జీ29 అమ్ముతున్నాడని తెలిసింది. కొత్తది కొనాలంటే పాతిక వేల పైమాటే. పదకొండు వేలకి ఇచ్చాడు. ఇద్దరు టెన్త్ పిల్లలకి ఏడాదిగా ట్యూషన్ చెప్పిన డబ్బు మొత్తం అయిపోయింది. రూమ్మేట్ తన 24 అంగుళాల మానిటర్ సెలవులకి అప్పిచ్చాడు. రెండు పెట్టెలూ రాజమండ్రి నుంచి ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. జొన్నాడ దాటి బ్రిడ్జి ఎక్కాక కండక్టరు గారు "ఏంటి బాబూ, గ్రైండరా?" అని అడిగారు. అవునండీ అన్నాను.

ఇక బిగించడం. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ సరిగ్గా చెప్పరు. వాళ్ళకి ఇనప స్టాండు ఉంటుంది, మనకి ఉండదు. నా చదువు బల్ల రంపపుపొట్టు అతికించిన బోర్డుది. వీల్ కింద రెండు బిగింపు కొక్కేలుంటాయి, పైనుంచి తిప్పితే బల్ల అంచుని కరుచుకుంటాయి. నేను హుషారుగా బిగించాను. బోర్డు అంచు పటుక్కుమని విరిగింది. తప్పు నాదే, బిగించడంలో చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు. హాల్లో తాతయ్య టేకు బల్ల ఉంది కానీ దాని అంచు కింద పట్టీ అడ్డం. చివరికి ఊళ్ళో వడ్రంగి దగ్గరికి వెళ్ళి, వీల్ అడుగునున్న రెండు బోల్టు రంధ్రాల కొలతలు కాగితం మీద గీసిచ్చి, చెక్క కోయించాను. "ఏ బండికండీ?" అన్నాడు. బండి లేదండీ అన్నాను. నా వంక అదోలా చూసి డబ్బులు ముందే తీసుకున్నాడు.

పెడల్స్ ఇంకో కథ. బ్రేకు పెడల్ లోపల రబ్బరు ముక్క ఉంటుంది. సగం దాకా సులువుగా దిగి, ఆ తర్వాత గట్టిగా తొక్కితే తప్ప దిగదు. నిజం బ్రేకులాగా కాలి బలంతో కొలవాలని అలా పెట్టారు. మా ఇంట్లో టైల్స్ నున్నగా ఉంటాయి. నేను బ్రేకు తొక్కితే కారు ఆగేది కాదు, పెడల్స్ ముందుకి జారి గోడ కిందకి పోయేవి, నా కుర్చీ చక్రాల మీద వెనక్కి పోయేది. న్యూటన్ మూడో సూత్రం నాకు అంత స్పష్టంగా ఏ లెక్చరరూ చెప్పలేదు. పెడల్స్‌కీ గోడకీ మధ్య 25 కిలోల బియ్యం బస్తా పెట్టాను. కుర్చీ చక్రాల కింద పాత చెప్పులు, ఒక్కో చక్రానికి ఒక్కో చెప్పు. అమ్మ రోజూ పొద్దున్న అన్నానికి బియ్యం తీసుకున్న కొద్దీ బస్తా లొంగిపోయి, సాయంత్రానికి నా బ్రేకింగ్ పాయింటు మారిపోయేది. ఇది హాస్యానికి చెప్పడం లేదు.

సెట్టింగులు ఎక్కువ చెప్పను. వీల్ మొత్తం 900 డిగ్రీలు తిరుగుతుంది, అంటే రెండున్నర చుట్లు. సాఫ్ట్‌వేర్లోనూ గేమ్‌లోనూ అదే అంకె ఉందో లేదో చూసుకోండి. పవర్ అడాప్టర్ పెట్టకపోతే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ రాదు, ఉత్త చక్రం తిప్పుకోవడమే. ఒక్క సెట్టింగు దగ్గర మాత్రం ఆగాలి. ఫీల్డ్ ఆఫ్ వ్యూ. గేమ్ మీకు ఎంత వెడల్పు ప్రపంచం చూపించాలన్న లెక్క అది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 53 సెంటీమీటర్లు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ తెర మన కంటి దగ్గర చేసే కోణం సుమారు 48 డిగ్రీలు. ట్యాన్ ఇన్వర్స్ వేసి చూసుకోండి. రెండు కళ్ళతో మనిషి చూసేది అటూ ఇటూ కలిపి ఇంచుమించు 180 డిగ్రీలు. అంటే మానిటర్ ముందు కూర్చున్నవాడు పక్కలు తెలియని మనిషి. గేమ్‌లో కోణం పెంచితే పక్కలు కనిపిస్తాయి కానీ మలుపులన్నీ దూరంగా, వేగం అబద్ధంగా అనిపిస్తుంది. నేను నిజం కోణమే పెట్టుకున్నాను.

అసెట్టో కోర్సాలో మోంజా ట్రాకు, అబార్త్ 500 కారు. మొదటి రోజు కీబోర్డు టైము కన్నా పన్నెండు సెకన్లు వెనకబడ్డాను. మొదటి షికేన్ దగ్గర నేను తిరగని దిక్కు లేదు. స్టీరింగుని బావి గిలకలో తాడులాగా పట్టుకునేవాణ్ణి, అరగంటకి భుజాలు లాగేసేవి. కారు వెనకభాగం జారగానే ఎదురు తిప్పడం వచ్చింది కానీ, తిరిగి మధ్యకి తేవడం రాలేదు. అదెప్పుడూ ఒక క్షణం ఆలస్యం, కారు రెండోవైపు విసిరేది.

నాలుగో రోజు నాన్న ట్రిప్పు నుంచి వచ్చాడు. స్నానం చేసి నవారు మంచం మీద పడుకుని నా గదిలోకి చూస్తున్నాడు. ఎంతరా అని అడిగితే "ఫ్రెండుది నాన్నా, సెలవులకిచ్చాడు" అన్నాను. లాప్‌టాప్ ఈఎంఐ ఇంకా నాన్నే కడుతున్నాడు మరి. ఆ మాట వెనక్కి తీసుకోడానికి నాకు నెల పట్టింది.

కాసేపటికి మంచం మీంచే అన్నాడు. "అదిగో, స్టీరింగు తేలిపోయింది. నువ్వింకా తిప్పుతున్నావు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. తేలిపోవడం తెలిసేది చేతులకి, ఆయన మంచం మీదున్నాడు. ఎలా తెలిసింది నాన్నా అంటే "నీ మోచేతులు చూశా" అన్నాడు. వానాకాలం గట్టు రోడ్డు మీద బురద పడినప్పుడు చేతిలో బరువు ఒక్కసారి పోతుందట. అది పోగానే ఇంకా తిప్పేవాడు కాలవలోకి పోతాడు, వదులు చేసేవాడు ఇంటికొస్తాడు. మన పుస్తకంలో దీన్ని సెల్ఫ్ అలైనింగ్ టార్క్ అంటారు. మలుపులో టైరు పక్కకి నలుగుతుంది, రోడ్డు దాన్ని మళ్ళీ నిటారుకి తోస్తుంది, ఆ తోపే చేతికి బరువుగా తగులుతుంది. టైరు పూర్తిగా పట్టు వదలకముందే ఆ తోపు తగ్గడం మొదలవుతుంది. ముందస్తు హెచ్చరిక అన్నమాట. నేను ఈ డెరివేషన్ పరీక్షలో రాశాను. ఆ రాత్రి మొదటిసారి వేళ్ళు వదులుగా పెట్టి తోలాను. కారు జారినప్పుడు స్టీరింగుని నా చేతుల్లో దాని మానాన తిరగనిచ్చాను. అదే మధ్యకొచ్చింది. పన్నెండు సెకన్లు ఐదయ్యాయి.

మర్నాడు కనుమ. నాన్నని కూర్చోమన్నాను. "ఆ బుల్లి కార్లు నాకెందుకురా" అన్నాడు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టాను. ప్రాగ్‌లో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2012లో తెచ్చిన గేమ్, మామూలు లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అందులో ఇంగ్లండు ఉంది. అక్కడ మనలాగే ఎడమవైపు నడపాలి, కుడిచేతి స్టీరింగు లారీ దొరుకుతుంది. నాన్న కూర్చుని కుర్చీ సర్దుకున్నాడు, ఎడం చెయ్యి గేరు రాడ్డు కోసం గాల్లోకి వెళ్ళింది. అక్కడేమీ లేదు. స్టీరింగు వెనక రేకుల్లాంటివి లాగాలంటే నవ్వాడు. "ఇది లారీయా, వీణా?"

మొదట ఆయనకీ ఇబ్బందే. లారీ స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు చుట్లకి పైమాటే, ఇది రెండున్నర. కొంచెం తిప్పితే ఎక్కువ తిరిగేది. బండి ఊపు నడుముకి తెలియాలి గానీ ఉత్త చేతులకి తెలిస్తే ఎలా అన్నాడు. అయినా పావుగంటలో కుదురుకున్నాడు. ఆ కుదురు చూస్తే నాకు ముచ్చటేసింది. బ్రేకు అసలు తొక్కేవాడు కాదు, ఎక్కడో దూరంగా లైటు ఎర్రబడుతుండగానే కాలు తీసేసేవాడు. బియ్యం బస్తా కదల్లేదు.

కానీ ఎడమవైపు గుద్దేస్తున్నాడు.

ముందున్న బండిని దాటి తిరిగి ఎడమ లైనులోకి వస్తాడు, అక్కడున్న కారుకి తగిలిస్తాడు. యూరోల్లో జరిమానా. మళ్ళీ. మళ్ళీ. మూడోసారికి "ఎక్కణ్ణుంచి వచ్చాడ్రా వీడు" అన్నాడు. ఆ కారు తెర మీద అరనిమిషంగా ఉంది, ఎడమ అంచున, ఎర్రటి కారు. నేను చూస్తూనే ఉన్నాను. ఫీల్డ్ ఆఫ్ వ్యూ తక్కువైందేమో అనుకుని ఎఫ్4 నొక్కి కోణం పెంచాను. ఎఫ్2 నొక్కి అద్దాలు తెర పైమూలల్లోకి తెచ్చాను. కుడి అద్దం చూస్తున్నాడు. ఎడమ అద్దం కోసం తల మొత్తం తిప్పుతున్నాడు, రెండు జానల తెరకి.

భోజనాల దగ్గర గమనించాను. ఎడమ పక్కనున్న మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి తడుముతోంది. అమ్మనడిగితే "ఏడాదై అంతే, పరధ్యానం" అంది. సాయంత్రం మళ్ళీ ఆడించి, ఎడమ పక్కన నిలబడి, ఫోను టార్చి వెలిగించి మెల్లగా ముందుకి తెచ్చాను. దాదాపు మానిటర్ అంచు దాకా వచ్చాక గానీ "ఏంట్రా ఆ లైటు" అనలేదు.

అప్పుడు మా ఇంట్లో జరిగినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఏడాదిలో లారీ ఎడమ అద్దం రెండుసార్లు పగిలింది. ఓనరు గారు జీతంలో కోశారు. రావులపాలెం సెంటర్లో ఒక ఆటో అతనితో గొడవపడి, నీదే తప్పని ఐదొందలు తీసుకున్నాడు నాన్న.

చెప్పాల్సింది ఆ రాత్రే. చెప్పలేదు. ఒక గేమ్ చూసి, ఇరవై ఆరేళ్ళ డ్రైవరుకి నీకు కనిపించట్లేదని ఎలా చెప్పాలి? నా అనుమానం తప్పయితే నవ్వుతాడు. నిజమైతే మా ఇంటికి వచ్చే జీతం అదొక్కటే, నా ఫీజు కూడా అందులోదే. ఈ రెండో ఆలోచన నాకు వచ్చిందని ఇక్కడ రాయకూడదనుకున్నాను. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. తెల్లారుజామున నాన్న లోడు ఎక్కించుకుని బరంపురం వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి ఉండబట్టలేక క్లీనర్ అన్నకి ఫోను చేశాను. తుని దాటుతున్నారు. నాన్న టీ తాగడానికి దిగినప్పుడు అడిగాను, అన్నా, నాన్నకి ఎడమవైపు తెలుస్తోందా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నీకెవరు చెప్పారు? నేనెవరికీ చెప్పలేదే" అన్నాడు. "ఎడమ నేను చూసుకుంటున్నా తమ్ముడూ. నిద్ర కూడా పోవట్లేదు."

అదీ సంగతి. లారీలో ఎడమవైపు ఒక మనిషి ఉంటాడు. రానీ రానీ అంటాడు, హోల్డాన్ అంటాడు, తలుపు మీద కొడతాడు. గేమ్‌లో ఆ మనిషి లేడు.

నాన్న తిరిగి రావడానికి మూడు రాత్రులు పట్టింది. ఆ మూడు రాత్రులూ నేను వీల్ ముట్టుకోలేదు. వచ్చాక చెప్పాను. ముందు కోప్పడ్డాడు, నీ బొమ్మ చక్రం నాకు పరీక్ష పెడుతుందా అని. తర్వాత ఏమనుకున్నాడో, తనే కుర్చీలో కూర్చుని "ఏదీ, ఆ టార్చి పెట్టు" అన్నాడు. పెట్టాను. చాలాసేపు తెరకేసే చూస్తూ కూర్చున్నాడు.

రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నీటికాసులు, గ్లకోమా. కంటిలో ఒత్తిడి 21 లోపు ఉండాల్సింది 34 ఉంది. అందులో నొప్పి ఉండదు, ఎర్రబడదు, ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. కంటి నరం దెబ్బతిని పక్కచూపు ముందు పోతుంది, పోయిందని మనిషికి తెలియదు. అక్కడో పరీక్ష చేశారు. గడ్డం ఒక తొట్టిలాంటి యంత్రంలో ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చుక్క వెలిగినా చేతిలో బటను నొక్కాలి. నాన్న చేతిలో బటను, ముందు తెర. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఎడమ కంటి పరీక్షలో చాలాసేపు చప్పుడే లేదు. చీటీ మీద ఆ కన్ను సగానికి పైగా నలుపు, కుడి కంట్లో కూడా ముక్కు వైపు పోవడం మొదలైంది. అందుకే రెండు కళ్ళూ తెరిచినా ఎడమ అంచు ఖాళీ. డాక్టరు గారు పోయింది తిరిగి రాదు, చుక్కల మందుతో ఉన్నది కాపాడుకుందాం, లారీ మాత్రం వద్దు అన్నారు. రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువని నాకూ చూశారు. బాగానే ఉన్నాయి. మీ ఇంట్లో నలభై దాటినవాళ్ళుంటే ఒకసారి చూపించండి, ఇంతకన్నా నేను చెప్పను.

అమ్మ మాత్రం ఆ చక్రం వచ్చాకే ఇదంతా అంటుంది. తేదీల ప్రకారం చూస్తే కాదనలేం.

బస్సులో నాన్న అన్న మాట ఒక్కటే. "అయితే ఆ అద్దాలు రెండూ నేనే పగలగొట్టానన్నమాట." రావులపాలెంలో దిగి, ఐదొందల కాగితం పట్టుకుని ఆటో స్టాండంతా తిరిగాడు. ఆ ఆటో అతను కనిపించలేదు. తర్వాత రెండుసార్లు వెళ్ళాడు. ఆ కాగితం ఇప్పటికీ చొక్కా జేబులో విడిగా ఉంది.

ఇప్పుడు మార్కెట్ యార్డులో గెలల లోడు లెక్కలు రాస్తున్నాడు. జీతం సగం. నాకు ట్యూషన్లు ఇద్దరు పిల్లల నుంచి ఐదుగురయ్యారు. వీల్ అమ్మేస్తానని చెప్పాను, కొన్నది పదకొండు వేలకని కూడా అప్పుడే చెప్పాను. కాసేపు తిట్టి, "ఉండనీ" అన్నాడు. పైగా గేరు రాడ్డు కావాలన్నాడు. పాతది ఒకటి దొరికింది, ఎడమవైపు బిగించాను. ఆయన చెయ్యి ఇప్పుడు గాల్లోకి పోవడం లేదు.

నెలకి రెండు ఆదివారాలు లాప్‌టాప్‌తో ఇంటికి వెళతాను. నేను మోంజాలో నా కీబోర్డు టైము దాటి మూడు సెకన్లు ముందుకొచ్చాను. నాన్న డోవర్ నుంచి లోడు తెస్తుంటాడు. ట్రెయిలరు రివర్సు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు, ఆయన జీవితంలో ట్రెయిలరు తోలలేదు. ఎడమ పక్కన స్టూలు వేసుకుని నేను చెప్పాలి.

మొన్న నేను అన్నం తింటున్నాను. గదిలోంచి ఇంజను శబ్దం, రివర్సు బీపులు వినిపిస్తున్నాయి. తొంగి చూశాను. స్టూలు మీద అమ్మ. ఒళ్ళో చేట, చేటలో చిక్కుడుకాయలు. చూపు మాత్రం తెర ఎడమ అంచు మీద.

"రానీ, రానీ… ఇంకొంచెం రానీ… కుడి కొట్టండి, కుడి… హోల్డాన్!"